నాలుగు లక్షలు పెడితే లోపం లేని హెడ్‌ఫోన్ దొరుకుతుందా?

ప్రశ్న: నాకు ముప్పై ఆరేళ్ళు. ఊరు కాకినాడ, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఆరేళ్ళుగా సెన్‌హైజర్ హెచ్‌డి 600 వాడుతున్నాను. వినేది ఎక్కువగా కర్ణాటక సంగీతం, ఘంటసాల కాలం నాటి సినిమా పాటలు. ఈ ఏడాది బోనస్‌లోంచి నాలుగు లక్షలు పక్కన పెట్టాను. ఇక జన్మలో మళ్ళీ ఈ విషయం ఆలోచించనక్కర్లేని హెడ్‌ఫోన్ ఒకటి కొనేయాలని నా ఆశ. మొన్న స్నేహితుడి ఇంట్లో హెచ్‌డి 800 ఎస్ విన్నాను. తంబుర తీగలు విడివిడిగా వినపడుతుంటే ఒళ్ళు పులకరించింది. కానీ ఇరవై నిమిషాలయ్యేసరికి వయొలిన్ పై స్థాయికి వెళ్ళినప్పుడల్లా చెవిలో సూది గుచ్చినట్టైంది. "అది పర్‌ఫెక్ట్ హెడ్‌ఫోన్, నీ చెవికే ఇంకా అలవాటు కాలేదు" అన్నాడు వాడు. ఇంకో సంగతి. మా నాన్నగారు నలభై ఏళ్ళు మృదంగం వాయించారు. ఆయన నా హెచ్‌డి 600 పెట్టుకుని కాసేపు విని, "కుడి పక్క బాగుంది రా, ఎడమ పక్క ఏదీ?" అన్నారు. లోపం నా చెవిదా, హెడ్‌ఫోన్‌దా? అసలు లోపం లేని హెడ్‌ఫోన్ అంటూ ఉందా? ఉంటే ఏది కొనమంటారు?
— ఎస్., హైదరాబాద్

సమాధానం: ముందు సూటిగా చెప్పేస్తాను. లోపం లేని హెడ్‌ఫోన్ లేదు. నాలుగు లక్షలకే కాదు, నలభై లక్షలకూ లేదు. మీ చెవిలో తప్పేమీ లేదు. ఈ నెలలో మాత్రం ఆ డబ్బు ముట్టుకోకండి. ఎందుకంటున్నానో చెప్పాలంటే మీ స్నేహితుడి ఇంట్లో జరిగిన దాని దగ్గర్నుంచే మొదలుపెట్టాలి.

మీరు విన్న హెచ్‌డి 800 ఎస్ కంటే ముందు హెచ్‌డి 800 ఉండేది. అది 2009లో వచ్చింది. అందులో 56 మిల్లీమీటర్ల డ్రైవరు, అంటే కదిలి శబ్దం పుట్టించే భాగం. దాని పొర చేతి గాజులా గుండ్రంగా, మధ్యలో ఖాళీతో ఉంటుంది. దాన్ని చెవికి కాస్త దూరంగా, ఏటవాలుగా అమర్చారు. శబ్దం తిన్నగా చెవి నాళంలోకి దూరిపోకుండా ముందు చెవి డొప్పను తాకి, దాని మడతల్లోంచి లోపలికి వెళ్తుంది. బయటి ప్రపంచాన్ని మనం వినే తీరు కూడా అదే. తంబుర తీగలు విడివిడిగా వినపడ్డాయన్నారు చూడండి, అందులో ఈ అమరికకు పెద్ద వాటా ఉంది. ఆ రోజుల్లో దాన్ని విన్నవాళ్ళు చాలామంది ఇక దీని పైన ఏముంటుంది అనుకున్నారు. కొలిచినవాళ్ళకు మాత్రం 6,000 హెర్ట్జ్ (సెకనుకు 6,000 కంపనాలు) దగ్గర ఒక పదునైన శిఖరం, అంటే చుట్టుపక్కల కంటే గట్టిగా పలికే చోటు, కనపడింది.

2016లో దాన్ని చేసిన సెన్‌హైజర్ కంపెనీయే 'ఎస్' మోడల్ తెచ్చింది. పొర మధ్యలో ఉన్న ఆ ఖాళీలో ఒక బుల్లి గది పెట్టింది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒకే ఒక్క స్వరం పలుకుతుంది కదా. ఆ సూత్రాన్నే తిరగేసి, అనవసరంగా పైకి లేస్తున్న స్వరాన్ని మింగేలా ఆ గదిని చేశారు. శిఖరం తగ్గింది, పూర్తిగా పోలేదు. అంటే పర్‌ఫెక్ట్ అనిపించుకున్న వస్తువును ఏడేళ్ళ తర్వాత చేసినవాళ్ళే సరిచేశారు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మంచి ఇంజనీర్లు చేసే పనే అది. మీ స్నేహితుడితో మాత్రం ఈ సంగతి చెప్పండి.

6,000 హెర్ట్జ్ అంటే ఏమిటో కూడా చెప్పాలి. పాటలో 'స, శ, ష' అక్షరాలు ఈలపెట్టే చోటు దాదాపు అక్కడే. వయొలిన్‌లో కమాను తీగను ఒరుసుకునే గరుకుదనం ఉండేదీ అక్కడే. మన కచేరీ రికార్డింగుల్లో వయొలిన్‌కు మైకు జానెడు దూరంలో పెడతారు, లేకపోతే వాయిద్యానికే తగిలిస్తారు. ఆ గరుకు అసలే ఎక్కువగా రికార్డవుతుంది. దాని మీద హెడ్‌ఫోన్ ఇంకాస్త కలిపితే సూది గుచ్చుకోక ఏమవుతుంది? మీరు విన్నది నిజంగా అక్కడ ఉంది.

మరి అదే వస్తువు మీ స్నేహితుడికి ఎందుకు గుచ్చలేదు? ఈ మొత్తం వ్యవహారానికి ఆయువుపట్టు ఇక్కడే ఉంది. హెడ్‌ఫోన్ సగం వాయిద్యమే, రెండో సగం డబ్బాలో రాదు. అది మీ చెవి. 6,000 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు సుమారు ఐదున్నర, ఆరు సెంటీమీటర్లు. అంటే రమారమి చెవి డొప్ప అంత. తరంగం పొడవు చెవి కొలతకు దగ్గరపడే కొద్దీ డొప్పలోని ప్రతి మడతా, ప్రతి గుంటా దాన్ని మార్చేస్తుంది. బేస్ స్వరాల్లో మనుషులందరి చెవులూ దాదాపు ఒక్కటే. ఆరేడు వేల హెర్ట్జ్ దాటాక ఒకే హెడ్‌ఫోన్ ఇద్దరి కర్ణభేరుల దగ్గర పది డెసిబెళ్ళ తేడాతో పలకడం మామూలు విషయం. పది డెసిబెళ్ళంటే మనకు దాదాపు రెట్టింపు గట్టిగా అనిపించే తేడా. కళ్ళజోడు కాడ కింద ప్యాడ్ లేచినా, జుట్టు ఎక్కువైనా, హెడ్‌ఫోన్ అర సెంటీమీటరు ముందుకు జరిగినా శబ్దం మళ్ళీ మారుతుంది. అందుకే మీ స్నేహితుడు అబద్ధం చెప్పలేదు, మీరూ చెప్పలేదు. ఒకే వస్తువు పెట్టుకుని ఇద్దరూ రెండు వేరువేరు శబ్దాలు విన్నారు.

ఇక మీ నాన్నగారి మాట. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపేసిన వాక్యం అదే. "ఎడమ పక్క ఏదీ?" ఈ ఒక్క ప్రశ్నకు మూడు జవాబులున్నాయి, మూడూ నిజమే.

హెచ్‌డి 600 వెనక వైపు తెరిచి ఉండే రకం. 1968లో సెన్‌హైజరే హెచ్‌డి 414తో ఈ ఓపెన్ పద్ధతికి దారి వేసింది. వెనక తెరిచి ఉంచితే శబ్దం డబ్బాలో బంధించినట్టు కాకుండా గాలి ఆడినట్టు ఉంటుంది. కానీ ఈ రకంలో డైనమిక్ డ్రైవరు (తీగచుట్ట పొరను కదిలించే మామూలు రకం) ఉంటే 100 హెర్ట్జ్ కింద బేస్ క్రమంగా జారిపోతుంది. హెచ్‌డి 600లో అది కొలతల్లో స్పష్టంగా కనపడుతుంది. నాన్నగారు అడిగిన ఎడమ పక్క మృదంగం ఎడమ మూత. దాని గుంకీ, అంటే ఆ మూత పలికే గంభీరమైన కింది నాదం, సరిగ్గా ఆ ప్రాంతంలోదే. కాబట్టి నాన్నగారి చెవి పట్టుకున్నది ఉన్న లోపాన్నే.

రెండోది రికార్డింగు. మృదంగానికి రెండు మైకులు పెడతారు. ఎడమ మైకు ఎంత ఉంచాలో మిక్సింగ్ చేసేవారు తన గదిలో, తన స్పీకర్ల మీద విని నిర్ణయిస్తారు. ఆ స్పీకర్లలో బేస్ ఎక్కువగా పలికితే ఆయన తగ్గిస్తారు, తక్కువగా పలికితే పెంచుతారు. ఆ గది ఏదో, ఆ స్పీకర్లు ఏవో మనకు ఎప్పటికీ తెలియదు. ధ్వని శాస్త్రవేత్త ఫ్లాయిడ్ టూల్ దీన్ని ఒక విషవలయంగా వర్ణించాడు: స్పీకర్లు బాగున్నాయో లేదో రికార్డింగులు విని తేలుస్తాం, ఆ రికార్డింగులు బాగున్నాయో లేదో స్పీకర్ల మీద విని తేలుస్తాం. సంగీతం రికార్డింగుకు అందరూ పాటించే ఒకే కొలబద్ద లేనంత కాలం "ఉన్నది ఉన్నట్టు పలికించే హెడ్‌ఫోన్" అనే మాటకు పూర్తి అర్థం రాదు. ఉన్నది ఏమిటో ఎవరు చెప్పాలి?

మూడోది నాకు చాలా ఇష్టమైన సంగతి. నలభై ఏళ్ళుగా నాన్నగారు విన్న మృదంగం శ్రోతలు వినే మృదంగం కాదు. అది ఆయన ఒళ్ళో ఉన్న మృదంగం. ఎడమ చెయ్యి మూత మీద ఒత్తి జరిపినప్పుడు ఆ గుంకీ గాలిలోంచి చెవికి చేరడమే కాదు, తొడలోంచి, ఎముకల్లోంచి ఒంట్లోకి పాకుతుంది. హెడ్‌ఫోన్ చెవులతోనే మాట్లాడుతుంది. స్పీకరు గుండె మీద కొట్టినట్టు అది కొట్టలేదు, తొడను వణికించలేదు. ప్రపంచంలో ఏ రికార్డింగులోనూ, ఏ హెడ్‌ఫోన్‌లోనూ ఆయన మృదంగం లేదు. ఆయన అడిగింది వస్తువు గురించి అనుకోకండి. నలభై ఏళ్ళ స్పర్శ అది, ఆ వెతుకులాటను గౌరవించండి.

మీ ఘంటసాల పాటల విషయంలో ఇంకో హద్దు ఎదురవుతుంది. అవి మోనో రికార్డింగులు, అంటే రెండు వైపులా ఒకే శబ్దం. స్పీకర్లో వింటే గొంతు ఎదురుగా ఉంటుంది. హెడ్‌ఫోన్‌లో వింటే నడినెత్తిన, తల లోపల కూర్చుంటుంది. గదిలో మనం తల తిప్పితే గాయకుడు ఉన్నచోటే ఉంటాడు, మన చెవులకు చేరే శబ్దం మారుతుంది, దాన్నిబట్టి మెదడు "అతను అక్కడున్నాడు" అని తేల్చుకుంటుంది. హెడ్‌ఫోన్‌లో తల తిప్పితే పాట కూడా తలతోపాటే తిరుగుతుంది. ఈ చిక్కును డ్రైవరు ఎంత గొప్పదైనా విప్పలేదు. మీ చెవుల్లోనే చిన్న మైకులు పెట్టి కొలిచి, తల కదలికను కూడా పట్టుకుని లెక్కగట్టే స్మిత్ రీసెర్చ్ వారి రియలైజర్ లాంటి యంత్రాలు ఈ పని చేస్తాయి. 2022లో యాపిల్ కూడా ఫోను కెమెరాతో చెవి ఆకారాన్ని తీసుకుని శబ్దాన్ని సరిచేసే ఏర్పాటు తెచ్చింది. ఈ రెండూ చేస్తున్నది ఏమిటో చూడండి: మంచి హెడ్‌ఫోన్ చెయ్యడం కాదు, ముందు మీ చెవిని కొలవడం. లోపం లేని హెడ్‌ఫోన్ దిశగా ఎప్పుడైనా ఒక అడుగు పడితే అది ఈ దారిలోనే పడుతుందని నా నమ్మకం.

"మరి ఇంత శాస్త్రం ఉంది కదా, సరైన శబ్దం ఇలా ఉండాలని ఎవరూ తేల్చలేదా?" అని మీరు అడగొచ్చు. తేల్చాలని చాలామంది ప్రయత్నించారు. మన చెవి నాళం రెండున్నర సెంటీమీటర్ల గొట్టం. అది, డొప్ప కలిసి 3,000 హెర్ట్జ్ ప్రాంతాన్ని పది డెసిబెళ్ళకు మించి పెంచుతాయి. హెడ్‌ఫోన్ ఈ పెంపును లెక్కలోకి తీసుకునే పలకాలి. ఎంత, ఎలా అన్నదే తగవు. తిన్నగా ఎదురునుంచి వచ్చే శబ్దంలా ఉండాలని ఒకప్పుడు అన్నారు. అన్ని దిక్కులనుంచీ సమానంగా వచ్చే శబ్దంలా ఉండాలని 1980లలో జర్మనీలో గుంటర్ థైలే వాదించాడు. 2012, 2013 నుంచి హర్మన్ సంస్థలో షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ మనుషులకే వినిపించి అడిగారు: మంచి గదిలో మంచి స్పీకర్లు పలికినట్టు, బేస్ కాస్త పైకి ఉన్నట్టు ఉండే శబ్దం ఎక్కువమందికి నచ్చింది. అక్కడ కూడా అందరూ ఒక్కటి కాలేదు. దాదాపు 64 శాతం మంది ఆ శబ్దాన్ని మెచ్చితే, మిగతావాళ్ళలో కొందరు ఇంకా బేస్ కావాలన్నారు, కొందరు తగ్గించమన్నారు. నా దృష్టిలో ఇది హెడ్‌ఫోన్ల మీద జరిగిన అత్యంత ఉపయోగకరమైన పరిశోధన. అయినా అది చెప్పేది ఎక్కువమందికి ఏది నచ్చుతుందో మాత్రమే. మీకు ఏది నచ్చుతుందో చెప్పలేదు.

ధర సంగతికొస్తే, 2017లో యెరోన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలు, ధరలు పక్కపక్కన పెట్టి చూశాడు. ఏ స్వరం ఎంత పలుకుతుందన్న దానికీ, ధరకూ పొంతన కనపడలేదు. ఖరీదైన వస్తువులో పెట్టిన డబ్బంతా వృథా అని కాదు. పనితనం, తూకం, సుఖం, రెండు వైపులా డ్రైవర్లు సరిసమానంగా ఉండటం, చిన్న చిన్న వివరాలు పలికే తీరు, వీటికి డబ్బు ఖర్చవుతుంది, అందుకు తగ్గ ఫలితమూ చాలాసార్లు ఉంటుంది. కానీ ధర పెరిగే కొద్దీ శబ్దం 'సరైన' దాని వైపు తిన్నగా నడుస్తుందన్నది మాత్రం నిజం కాదు.

అసలు ధరల శిఖరం మీద ఏముందో చూద్దాం. సెన్‌హైజర్ 1991లో ఆర్ఫియస్ అనే హెచ్‌ఇ 90 చేసింది. స్థిర విద్యుత్తుతో పనిచేసే రకం, వాల్వుల యాంప్లిఫయరుతో సహా అమ్మారు, 300 సెట్లే చేశారు. ఇంతకు మించినది ఉండదని ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. 2015 చివర్లో ఆ కంపెనీయే హెచ్‌ఇ 1 చూపించింది. అప్పటి ధర సుమారు 50,000 యూరోలు. యాంప్లిఫయరు పెట్టె ఇటలీలోని కరారా చలవరాయితో చెక్కింది, హెడ్‌ఫోన్ లోపల 2.4 మైక్రాన్ల మందం పొర, దాని మీద ప్లాటినం పూత. అద్భుతమైన వస్తువు. దాన్ని చేసినవాళ్ళకు మనస్ఫూర్తిగా దండం పెడతాను. కానీ అది కూడా వెనక తెరిచి ఉన్న హెడ్‌ఫోనే. మే నెలలో హైదరాబాద్‌లో ఆ చలవరాయి పెట్టె ముందు కూర్చుని ఫ్యాను వేసుకుంటే, ఫ్యాను చప్పుడు ఏ అడ్డూ లేకుండా చెవిలోకి వచ్చేస్తుంది. తంబుర నాదం సన్నగిల్లి మాయమయ్యే ఆ చివరి క్షణం ఫ్యాను చప్పుడులో కలిసిపోతుంది. అలాగని మూసి ఉన్న రకం తీసుకుంటే ఫ్యాను ఆగుతుంది, బేస్ నిలుస్తుంది, కానీ డబ్బా గోడలకు తగిలి తిరిగొచ్చే శబ్దాన్ని అణచడం ఇంకో యుద్ధం.

ఆ యుద్ధంలో గెలిచిందని చాలామంది అనేది 1989 నాటి సోనీ ఎండీఆర్ ఆర్10. రెండు వందల ఏళ్ళ జెల్కోవా చెట్టు కలపతో డొప్పలు చేశారు. ఇప్పటికీ దాని కోసం వెతికేవాళ్ళున్నారు. సేకరించేవాళ్ళనే అడిగితే, ఆ ఒక్క మోడల్‌లోనే బేస్ నిండుగా ఉన్నవి, పలచగా ఉన్నవి అని రెండు రకాలు చెబుతారు. పర్‌ఫెక్ట్ అంటే ఆ రెండింటిలో ఏది? ఇంకో పక్క హైఫైమాన్ సుస్వర ఉంది. పేరు మన 'సుస్వర'మే కాబట్టి చెవిని పడుతుంది. 2017లో 6,000 డాలర్లకు వచ్చింది. అది ఒక మిల్లీవాటుకు 83 డెసిబెళ్ళే పలుకుతుంది. మృదంగం తని ఆవర్తనంలో గట్టి దెబ్బ 110 డెసిబెళ్ళు దాకా వెళ్ళాలనుకుంటే దానికి ఒక్కో చెవికి అర వాటు కావాలి. ఫోనుకు తగిలించే డాంగిల్ ఇచ్చేది పదుల మిల్లీవాట్లలో ఉంటుంది. అంటే హెడ్‌ఫోన్‌తోపాటు దానికి తగ్గ యాంప్లిఫయరూ కొనాలి. ఒకచోట గెలిచిన ప్రతి హెడ్‌ఫోనూ ఇంకోచోట ఏదో చెల్లిస్తుంది: బరువో, బేసో, కరెంటో, బయటి చప్పుడో.

నా సంగతి ఒకటి చెబుతాను. కొన్నేళ్ళ క్రితం నేనూ మీలాగే "ఇదే ఆఖరిది" అనుకుని, నెలల తరబడి చదివి, ఒక్కసారి కూడా వినకుండా ఒక ఖరీదైన హెడ్‌ఫోన్ తెప్పించుకున్నాను. శబ్దం నిజంగా గొప్పగా ఉంది. బరువు అరకిలో దాటింది. ఒక కీర్తన పూర్తయ్యేసరికి మెడ పట్టేసేది. మూడు నెలల తర్వాత గమనిస్తే సంగీతం వినడమే తగ్గించేశాను. నష్టానికి అమ్మేశాను. పోయిన డబ్బు కంటే ఆ మూడు నెలలు వినని పాటలే నన్ను ఇప్పటికీ బాధపెడతాయి. అందుకే మిమ్మల్ని ఆగమంటున్నాను.

ఇక మీరు చెయ్యాల్సిన పనులు. మీ హెచ్‌డి 600 ఇయర్‌ప్యాడ్లు ఆరేళ్ళలో ఒక్కసారైనా మార్చారా? మార్చకపోతే అవి ఈపాటికి అణిగిపోయి ఉంటాయి. ప్యాడ్ పలచబడితే చెవికీ డ్రైవరుకూ మధ్య దూరం మారుతుంది, దాంతో శబ్దం మారుతుంది. కొత్త ప్యాడ్లు వేయించండి. మీరు కొన్న రోజు విన్న హెడ్‌ఫోన్ మళ్ళీ చేతికొస్తుంది.

ఆ తర్వాత ఈక్వలైజర్, అంటే ఒక్కో ప్రాంతం స్వరాలను విడిగా పెంచే, తగ్గించే ఏర్పాటు. దీన్ని కల్తీ అనుకునేవాళ్ళున్నారు, నాకు ఆ అభిప్రాయం లేదు. కచేరీకి ముందు నాన్నగారు ఏం చేసేవారో గుర్తు తెచ్చుకోండి. రవ్వ తడిపి ముద్ద చేసి ఎడమ మూత మధ్యలో అద్దేవారు. కొట్టి చూసి, చాలకపోతే ఇంకాస్త పెట్టేవారు, ఎక్కువైతే చిదిమి తీసేవారు. కచేరీ అయ్యాక గీకేసేవారు. మర్నాడు ఇంకో గాయకుడు, ఇంకో శ్రుతి, మళ్ళీ కొత్త ముద్ద. మూతకు బరువు పెరిగితే నాదం కిందికి దిగుతుంది, నిండుతుంది. మీరు కంప్యూటరులోనో ఫోనులోనో చెయ్యబోయేది ఆ పనే. 105 హెర్ట్జ్ దగ్గర 'లో షెల్ఫ్' అనే ఫిల్టరు పెట్టి, కింది స్వరాలన్నిటినీ మూడు డెసిబెళ్ళు పెంచండి. మొత్తం స్థాయిని అంతే తగ్గించండి, లేకపోతే గట్టి చోట్ల శబ్దం పగులుతుంది. నాన్నగారికి ఇవ్వండి. ఏం మార్చారో చెప్పకండి. చాలదంటే నాలుగు, ఐదు దాకా వెళ్ళండి. అంతకు మించి వద్దు, ఆ డ్రైవరు అంత బేస్‌ను గట్టిగా పలికించలేక గందరగోళపడుతుంది.

అలాగే స్నేహితుడి ఇంటికి మరోసారి వెళ్ళండి. ఈసారి మీ పాటలు మీరు తీసుకెళ్ళండి, మిమ్మల్ని గుచ్చిన ఆ వయొలిన్‌తో సహా. 6,000 హెర్ట్జ్ దగ్గర నాలుగు డెసిబెళ్ళు తగ్గించి, ఆ ఫిల్టరును 5,500 నుంచి 7,000 దాకా మెల్లగా జరపండి. ఒకచోట సూది మాయమవుతుంది. మీ చెవికి, ఆ హెడ్‌ఫోన్‌కు మధ్య పేచీ ఆ అంకె దగ్గరుంది. ఆ దిద్దుబాటుతో గంటన్నర అలసట లేకుండా వినగలిగితే హెచ్‌డి 800 ఎస్ మీకు నిజంగా నప్పుతుందేమో ఆలోచించవచ్చు. తంబుర తీగల మధ్య ఆ ఎడం ఇంకెక్కడా అంత తేలిగ్గా దొరకదు. గుంకీ ముఖ్యమైతే ప్లానార్ రకం వినండి. పలచని పొర మీద తీగలు పరిచి, అయస్కాంతాల మధ్య కదిలించే పద్ధతి. ప్యాడ్లు సరిగ్గా ఆనితే వాటిలో బేస్ చివరిదాకా జారకుండా నిలుస్తుంది. కొనేముందు బరువు చూసుకోండి. గొంతు కోసమైతే, ఘంటసాల కోసమైతే, మీ దగ్గరున్నది వదలకండి. 1997లో వచ్చిన హెచ్‌డి 600 ఇంకా తయారవుతూనే ఉందంటే మనిషి గొంతును అది పలికించే తీరే ముఖ్య కారణమని నేననుకుంటాను. ఆ పాత రికార్డింగుల్లో అతి పై స్వరాలు ఎలాగూ అంతగా లేవు, ఉన్నదంతా మధ్యలోనే ఉంది. ఈ మూడింట్లో ఏ దారి పట్టినా నాలుగు లక్షలు కావాల్సిన పని లేదు.

రెండు హెడ్‌ఫోన్లు పోల్చేటప్పుడు ఒక్క జాగ్రత్త. రెండింటి శబ్దం స్థాయి సమానం చేసుకోండి. ఒక డెసిబెల్ ఎక్కువ పలికినా అదే మెరుగైనదనిపిస్తుంది. తక్కువ స్థాయిలో వింటే చెవికి బేస్ అంతగా అందదన్న సంగతి ఫ్లెచర్, మన్‌సన్ 1933లోనే చూపించారు. కాబట్టి "బేస్ లేదు" అనిపించినప్పుడు ఎంత శబ్దంలో విన్నారో కూడా లెక్కలోకి వస్తుంది. అలాగని బేస్ కోసం శబ్దం పెంచుకుంటూ పోకండి. 80 డెసిబెళ్ళలో వారానికి నలభై గంటలు ఫరవాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అదే 90 అయితే నాలుగు గంటలే. మీకు ముప్పై ఆరు. పాడయ్యాక డబ్బు పెట్టి తెచ్చుకోలేనిది ఈ మొత్తం సరంజామాలో చెవి ఒక్కటే.

ఈ ఆదివారం కాకినాడ వెళ్తే హెచ్‌డి 600 తీసుకెళ్ళండి. ఎండ ఎక్కకముందే, వీధి చప్పుడు మొదలవకముందే, ఫ్యాను ఆపి, నాన్నగారి పక్కన కూర్చుని ఆ షెల్ఫ్ ఫిల్టరు వేసి వినిపించండి. మృదంగం ఇంట్లో ఉంటే దాన్ని కూడా దగ్గర పెట్టండి. ఒకసారి అది, ఒకసారి ఇది వింటూ ఆయన ఏ డెసిబెల్ దగ్గర తల ఊపారో నాకు రాయండి. ఆ అంకె తెలిశాక డబ్బు గురించి మాట్లాడదాం.